రికార్డు రాసే బ్యాచ్‌కి తలకిందుల సలహాలు

ఇంజనీరింగ్ రెండో ఏడు మొదలవగానే సీనియర్లు పిలిచి మరీ చెప్పే మాట ఒకటుంది. "ల్యాబ్ రికార్డు పెద్ద పనేం కాదు తమ్ముడూ. బ్యాచ్‌లో నలుగురున్నారుగా, పంచేసుకోండి. ఒకళ్ళు థియరీ, ఒకళ్ళు లెక్కలు, ఒకళ్ళు గ్రాఫు. రాత బాగున్న అమ్మాయి ఉంటే ఫెయిర్ తనకిచ్చెయ్యండి. మా రికార్డు కావాలంటే రూముకొచ్చి పట్టుకెళ్ళండి." ప్రేమతో చెప్పే మాటే. వాళ్ళ సీనియర్లు వాళ్ళకీ ఇదే చెప్పారు.

ఇరవై ఏళ్ళుగా నేను హైడ్రాలిక్స్ ల్యాబ్ చూసుకుంటున్నాను. ఆ మాట పట్టుకుని రాసిన రికార్డులు గుట్టలు గుట్టలుగా దిద్దాను. కింద నేను చెప్పబోయేవన్నీ దానికి అడ్డంగా ఉండే సలహాలు. వింటే మీకు టైము ఎక్కువ పడుతుంది, రికార్డు చూడ్డానికి అంత ముచ్చటగా ఉండదు, ఒకటి రెండు మార్కులు పోయినా పోవచ్చు. అయినా వినమనే అంటున్నాను.

అన్నిటికంటే ముందు, పని పంచుకోకండి.

వెంచురీమీటరు ప్రయోగాన్నే తీసుకుందాం. పైపులో నీళ్ళు పోతుంటాయి, మధ్యలో గొంతు నొక్కినట్టు సన్నబడిన చోటుంటుంది. ఆ రెండు చోట్లా ఒత్తిడి తేడాని పాదరసం మానోమీటరు చూపిస్తుంది. ఆ తేడాని బట్టి లెక్క ప్రకారం ఎన్ని నీళ్ళు పోవాలో వస్తుంది. కలెక్టింగ్ ట్యాంకులో నీటిమట్టం ఎన్ని సెకన్లలో ఎంత పెరిగిందో చూస్తే నిజంగా ఎన్ని పోయాయో తెలుస్తుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే సీడీ. బాగున్న మీటరుకి అది 0.95 నుంచి 0.98 దాకా ఉంటుంది. ఒకటి దాటిందంటే ఏ నష్టమూ లేకుండా రావలసిన నీళ్ళకంటే ఎక్కువ నీళ్ళు వచ్చాయని. అది జరిగే పని కాదు.

పోయినేడు ఒక బ్యాచ్‌లో ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు. ఒకబ్బాయి వాల్వు దగ్గర నిలబడ్డాడు. ఇంకొకడు ట్యాంకు గాజుగొట్టం ముందు వంగి గీతలు చూస్తున్నాడు. ఒకమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుంది, ఇంకో అమ్మాయి మానోమీటరు చూసి రాస్తోంది. పైపు 25 మి.మీ., గొంతు 15 మి.మీ., పాదరసం తేడా 20 సెం.మీ. ట్యాంకు అడుగు అర మీటరుకి అర మీటరు. నీళ్ళు 10 సెం.మీ. పెరగడానికి 18.4 సెకన్లు పట్టిందని రాశారు. లెక్క కడితే సీడీ 1.02.

పని పంచుకున్న బ్యాచ్‌లో దీని తర్వాత ఏమవుతుందో నాకు బాగా తెలుసు. లెక్కలు తన వాటాకి వచ్చినవాడు రాత్రి పదకొండింటికి హాస్టల్ రూములో ఆ 1.02 చూస్తాడు. వాడు ట్యాంకు దగ్గర లేడు, స్టాప్‌వాచ్ వాడి చేతిలో లేదు. అడుగుదామంటే మిగతా ముగ్గురూ నిద్రలో ఉంటారు, లేదా ఎదురుగా ఉన్నా వాళ్ళ వాటా అయిపోయింది కనక వాళ్ళకి పట్టదు. వాడు 18ని 19 చేస్తాడు. 19.4 సెకన్లకి సీడీ 0.97 వచ్చేస్తుంది. నేను సంతకం పెడతాను. అందరం హాయిగా ఉంటాం. ఆ పిల్లలు మాత్రం ఆ పూట ల్యాబ్‌లో ఏమీ నేర్చుకోకుండానే ఇంటికెళ్ళినట్టు.

ఈ నలుగుర్నీ నేను పోనివ్వలేదు. కిటికీ పక్కన బల్ల చూపించి, రిపోర్టు ఇక్కడే కూర్చుని రాయమన్నాను. మొదటి పావుగంట మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత మానోమీటరు అమ్మాయి, గొట్టంలో గాలి బుడగ ఉండిపోయిందేమో అంది. వెళ్ళి చూశారు, లేదు. వాల్వు అబ్బాయి, పాదరసాన్ని నీటి మట్టంలోకి మార్చడానికి 12.6తో గుణించామా లేదా అన్నాడు. అది మర్చిపోతే జవాబు మూడున్నర రెట్లు పెరిగేది, 1.02 దగ్గర ఆగేది కాదు. పోనీ 12.6 బదులు 13.6 వేశామా? అలా వేస్తే సీడీ పెరగదు, తగ్గుతుంది. ఆ రెండూ కొట్టేశారు. అప్పుడు స్టాప్‌వాచ్ అమ్మాయి గాజుగొట్టం అబ్బాయిని అడిగింది: "నువ్వు స్టాప్ అన్నప్పుడు నీళ్ళు గీత మీదకొచ్చేశాయా, వస్తున్నాయా?"

వాడు కాసేపు ఆలోచించాడు. "వస్తున్నాయని ముందే అన్నట్టున్నా," అన్నాడు. మొదలుపెట్టేటప్పుడో? సున్నా గీత దాటాక గాని చెప్పలేదు, అప్పటికి తేరుకోలేదు. మొదలు ఆలస్యం, ముగింపు తొందర. రెండు వైపులా కలిసి దాదాపు ఒక సెకను తరిగిపోయింది. పంతొమ్మిది సెకన్లలో ఒక సెకనంటే ఐదు శాతం. మళ్ళీ పంపు వేశారు. ఈసారి 10 బదులు 20 సెం.మీ. పెరగనిచ్చారు, అదే ఒక సెకను తప్పు జరిగినా రెండున్నర శాతానికి దిగుతుందని. 38.6 సెకన్లు వచ్చింది. సీడీ 0.97.

రాత్రి రూములో దిద్దినవాడికి కూడా 0.97 వచ్చింది. అంకె ఒకటే. కాని తప్పు ఎక్కడుందో చూడండి. ఒకరి కంటికీ ఇంకొకరి బొటనవేలికీ మధ్య ఉంది. గొట్టం చూసినవాడు ఒక్కడే కూర్చుని ఎంత ఆలోచించినా అది దొరకదు. వాచ్ పట్టుకున్న అమ్మాయికీ దొరకదు. నలుగురు కలిసి చేసిన ప్రయోగంలో చాలా తప్పులు ఇలా ఇద్దరి మధ్య సందులోనే ఉంటాయి. అందుకే రిపోర్టు కూడా నలుగురు ఒక బల్ల దగ్గర కూర్చుని, ఒకే పుస్తకంలో, ప్రయోగం జరిగిన పూటే రాయాలంటాను. ఫోన్లో షేర్డ్ డాక్యుమెంట్ తెరిచి నలుగురూ నాలుగు రూముల్లోంచి నాలుగు పేరాలు నింపడం కలిసి రాయడం కిందికి రాదు. అది పంచుకోవడమే, కాకపోతే వైఫైలో.

రాత బాగున్నవాళ్ళ చేత రాయించకండి. ఈ సలహా నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఇది రాత గురించి అనుకుంటారు గాని కాదు. ఏ బ్యాచ్‌నైనా చూడండి: స్పానర్, వాల్వు, మెషీన్ లివరు అబ్బాయిల చేతిలో ఉంటాయి, పెన్నూ స్కేలూ అమ్మాయిల చేతిలో ఉంటాయి. ఎవరూ కావాలని చేసింది కాదు, అలా కుదిరిపోతుంది. నాలుగేళ్ళు అలా కుదిరితే ఒకమ్మాయి పదిహేను రకాల మోటార్ల గురించి ముత్యాల్లాంటి అక్షరాలు రాసి ఒక్కదాన్నీ స్టార్ట్ చేయకుండా డిగ్రీ తీసుకుంటుంది. నా ల్యాబ్‌లో పద్ధతి ఇది: ఈ వారం వాల్వు పట్టుకున్నవాళ్ళు వచ్చే వారం పెన్ను పట్టుకోవాలి, పెన్ను పట్టుకున్నవాళ్ళు వాల్వు పట్టుకోవాలి. అక్షరాలు కోడిగీతల్లా ఉంటే ఉండనివ్వండి. నేను చదువుకుంటాను.

దీనికి తోడు ఇంకొకటి. లెక్క రానివాడి చేత లెక్క రాయించండి. బ్యాచ్‌లో టాపర్ ఉంటే చేతులు కట్టుకుని పక్కన కూర్చోవాలి, నోటితో మాత్రమే చెప్పాలి. చాలా నెమ్మదిగా సాగుతుంది, టాపర్‌కి ప్రాణం మీదకొస్తుంది. రెండు నిమిషాల లెక్క ముప్పావుగంట పడుతుంది. కాని లెక్క రానివాడు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. "సెంటీమీటర్లలో చదివిందాన్ని ఇక్కడ మీటర్లు ఎందుకు చేశాం?" "పాదరసం 13.6 అన్నారుగా, మరి 12.6 ఎక్కణ్ణుంచి వచ్చింది?" ఈ రెండో ప్రశ్నకి నా అనుభవంలో టాపర్లు సగం మంది ఠక్కున ఆగిపోతారు. సూత్రం కంఠస్థమే, ఒకటి ఎందుకు తీసేశామో ఎప్పుడూ అడగలేదు. అప్పుడు బొమ్మ గీస్తారు. ఒక గొట్టంలో పాదరసం కిందికి దిగింది, దాని మీద ఆ మేర నీళ్ళే నిలబడ్డాయి, ఆ నీళ్ళ బరువు కూడా లెక్కలోకొస్తుంది కనక 13.6 లోంచి 1 పోయింది. చెప్పినవాడికీ అడిగినవాడికీ ఆ క్షణంలోనే ఒకేసారి తెలుస్తుంది. ఆ బొమ్మ రిపోర్టులో పెట్టండి. ఏ సీనియర్ రికార్డులోనూ ఉండదది.

ఇంగ్లీషులో మొదలుపెట్టకండి. ఫెయిర్ కాపీ ఇంగ్లీషులోనే ఉండాలి, యూనివర్సిటీ అడిగేదదే. నేను చెప్పేది చిత్తు గురించి. చిత్తు తెలుగులో రాయండి, మీరు మాట్లాడుకునే తెలుగులో. మాన్యువల్ ఇంగ్లీషులో "రీడింగ్స్ వర్ టేకెన్" అని ఉంటుంది. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో, తీయడానికి ముందు ఏం చేశారో ఆ వాక్యంలో ఉండక్కర్లేదు. అదే మాట తెలుగులో చెప్పమనండి: "వాల్వు ఇంకో చుట్టు తిప్పాం, పాదరసం ఊగుతూనే ఉంది, నిమిషం ఆగి ఊపు తగ్గాక చదివాం." ఆ "నిమిషం ఆగి" అన్నదే అసలు ప్రొసీజరు. ఇంగ్లీషు వాక్యం దాన్ని మింగేసింది. చిత్తులో ఇలా రాసుకున్నాక నలుగురూ కూర్చుని ఇంగ్లీషులోకి తిప్పితే ఆ నిమిషం కూడా వెంట వస్తుంది.

ఇంకో లాభం ఉంది, అది నాకు మరీ ముఖ్యం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు రిపోర్టు రాసేటప్పుడు పెదవి విప్పరు. బల్ల చివర కూర్చుని తల ఊపుతారు. చిత్తు తెలుగులో అనేసరికి మొదట మాట్లాడేది వాళ్ళే. ఊళ్ళో మోటారు ఫుట్‌వాల్వు పట్టుకోకపోతే ఏం చేస్తారో, పంపులో గాలి నిలిస్తే చప్పుడు ఎలా మారుతుందో వాళ్ళకి తెలిసినంత నగరం పిల్లలకి తెలియదు. ఒకసారి ఒకబ్బాయి పంపు చప్పుడు విని, "సంపులో నీళ్ళు తగ్గాయి సార్, గాలి లాగుతోంది," అన్నాడు. నిజంగానే తగ్గాయి. అప్పటిదాకా ఆ బ్యాచ్ తీసిన మూడు రీడింగులు పనికిరావు. అది పట్టుకున్నవాడు అంతకుముందు ఆరు వారాలు ఒక్క వాక్యం రాయలేదు.

రబ్బరు తేవద్దు. అబ్జర్వేషన్లు పెన్నుతోనే, తప్పు పోతే ఒక్క గీత, కింది అంకె కనబడేలా, పక్కన కొట్టేసినవాళ్ళ పొట్టి సంతకం. ఇంతకంటే చెప్పేదేమీ లేదు దీని గురించి.

సీనియర్ రికార్డు తెచ్చుకోవద్దని మాత్రం అనను. తెచ్చుకోండి, కట్టి పక్కన పెట్టండి, మీది పూర్తయ్యాక విప్పండి. ఈ విషయంలో నాకొక పాత బాధ ఉంది. నేను చదువుకునే రోజుల్లో మెటీరియల్స్ ల్యాబ్‌లో మైల్డ్ స్టీల్ కడ్డీని మెషీన్లో లాగి యంగ్స్ మాడ్యులస్ కట్టాం. మాకు ఎక్స్‌టెన్సోమీటరు ఇవ్వలేదు. మెషీన్ పక్కనున్న స్కేలు మీదే సాగడం చదివాం. వచ్చిన విలువ పుస్తకంలో ఉన్నదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. సీనియర్ రికార్డులో చదరపు మిల్లీమీటరుకి 2 లక్షల న్యూటన్లని ఉంది. మేమూ అదే రాసి, దానికి తగ్గట్టు సాగుడు అంకెలు వెనక్కి లెక్కగట్టి టేబుల్ నింపాం. దాన్ని బ్యాక్ కాలిక్యులేషన్ అని అప్పుడూ అనేవాళ్ళం, ఇప్పుడూ అంటున్నారు. వైవాలో ఎక్స్‌టర్నల్ టేబుల్ చూసి, "ఇంత చిన్న సాగుడు మీరు ఏ పరికరంతో చదివారు?" అని అడిగారు. నలుగురం నేల చూశాం.

మాకు వచ్చిన తక్కువ విలువే నిజం. దవడల్లో కడ్డీ కొంచెం జారుతుంది, మెషీన్ చట్రం కూడా కొంచెం వంగుతుంది, పక్కనున్న స్కేలు ఇవన్నీ కలిపి చూపిస్తుంది. ఆ కారణంగానే ఎక్స్‌టెన్సోమీటరుని కడ్డీకే బిగిస్తారు. ఆ తక్కువ అంకెని ఉన్నదున్నట్టు రాసి, ఎందుకొచ్చిందని నలుగురం ఒక గంట కొట్టుకుని ఉంటే ఈ సంగతి మాకు ఆ రోజే తెలిసేది. నాకు తెలియడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది.

అందుకే తప్పిన రీడింగుని ఉంచమంటాను. రేనాల్డ్స్ ప్రయోగం మీ అందరికీ ఉంటుంది: గాజుగొట్టంలో సన్నటి రంగు దారం, వేగం పెంచుతూ పోతే ఒకచోట అది చెదిరిపోవడం. ఆయన 1883లో ఆ ఫలితాలు ప్రకటించాడు. నీళ్ళని బాగా కదలకుండా నిలబెట్టి చేస్తే రేనాల్డ్స్ సంఖ్య దాదాపు 13,000 అయ్యేదాకా దారం చెదరకుండా నిలిచింది. ఆ పరికరం మాంచెస్టర్‌లో ఇంకా ఉంది. అదే పరికరంతో మన కాలంలో చేస్తే అంత దాకా నిలవలేదు, రోడ్డు మీద వాహనాల అదురుకి ముందే చెదిరింది. పరికరం అదే, నీళ్ళు అవే, ఊరు మారింది. మన ల్యాబ్‌లో గోడకవతల రెండు పంపులు తిరుగుతుంటే మీ దారం ఎక్కడ చెదరాలి? పుస్తకంలో ఉన్న 2,000 దగ్గరే చెదిరిందని నలభై బ్యాచ్‌లూ రాస్తే నేను ఎలా నమ్మను? 1,700 వచ్చిందని రాసి, ఆ టైముకి పక్క పంపు నడుస్తోందని కింద ఒక్క వాక్యం చేర్చిన బ్యాచ్‌కి నేను నిండా మార్కులు వేస్తాను.

పెద్దవాళ్ళు కూడా ముందున్న అంకె వైపే మొగ్గారని తెలిస్తే మీకు ధైర్యం రావాలి గాని సాకు దొరకకూడదు. మిల్లికన్ నూనె చుక్కలతో ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచి 1913లో అచ్చువేసిన విలువ ఇవాళ్టి దానికంటే కొంచెం తక్కువ. గాలి విస్కాసిటీకి ఆయన వాడిన అంకె సరిగా లేదు. తర్వాత కొలిచినవాళ్ళ విలువలు ఒక్కసారిగా సరైన చోటికి చేరలేదు, మెల్లమెల్లగా ఎక్కాయి. 1974లో ఫైన్‌మన్ కాల్‌టెక్ స్నాతకోత్సవంలో పిల్లలకి ఈ సంగతి చెప్పాడు. మిల్లికన్ అంకెకంటే బాగా ఎక్కువొస్తే తప్పెక్కడుందా అని వెతికారు, దగ్గరగా వస్తే అంతగా వెతకలేదు. మిల్లికన్ అంకె వాళ్ళ సీనియర్ రికార్డు.

కాంక్రీటు క్యూబుల దగ్గరా అంతే. ఒకే మిక్సులోంచి పోసిన మూడు 150 మి.మీ. క్యూబులు ఒకేలా పగలవు. సగటుకి అటూ ఇటూ 15 శాతం దాకా తేడాని ఐఎస్ 456 కోడే ఒప్పుకుంటుంది. పిల్లలు మాత్రం 26.3, 26.4, 26.3 అని తెస్తారు. కోడ్ క్షమించినదాన్ని వాళ్ళు క్షమించుకోరు.

నాకు ఇంకో కోరిక ఉంది, చెబుతాను. ఒకే వెంచురీమీటరు మీద పదేళ్ళుగా బ్యాచ్‌లు రాసిన రికార్డులు మా బీరువాలో ఉన్నాయి. అవి నిజంగా వచ్చిన అంకెలైతే వరసగా పేర్చి గ్రాఫు గీసేవాణ్ణి. మా బోరు నీళ్ళ ఉప్పు గొంతులో ఎలా పేరుకుందో, సీడీ ఏటేటా ఎంత దిగిందో, మీటరు ఎప్పుడు విప్పి కడగాలో అందులో కనబడేది. పదేళ్ళూ 0.97, 0.98 అనే ఉంది. మీటరు విప్పి చూస్తే గొంతు చుట్టూ తెల్లటి పెచ్చు, గోటితో గీరితే ఊడొచ్చేంత. అన్ని వందల మంది పిల్లలు దాని పక్కన నిలబడ్డారు, ఒక్క రికార్డూ దాని మాట ఎత్తలేదు.

ప్రికాషన్లు చివర రాయండి, అదీ మీరు పాటించనివి మాత్రమే. పారలాక్స్ రాకుండా చూడాలి, లీకేజీ లేకుండా చూడాలి అన్నవి అచ్చులోనే ఉన్నాయి, మళ్ళీ మీ చేత్తో దించడం దేనికి? "ట్యాంకు డ్రెయిన్ వాల్వు పూర్తిగా మూయలేదు, మూడో రీడింగుకి గాని చూసుకోలేదు" అని రాయండి. తర్వాతి బ్యాచ్ ముందు ఆ వాల్వే చూస్తుంది.

సబ్మిట్ చేసే ముందు పేజీ కింద నలుగురి సంతకాలు పెట్టాలి. పెట్టేముందు ఒక్కొక్కరు మిగతా ముగ్గుర్లో ఎవరినైనా ఒక ప్రశ్న అడగండి, రిపోర్టులో ఏదో ఒక లైను మీద వేలు పెట్టి: ఇది ఎందుకు? నలుగురికీ జవాబొస్తే సంతకం పెట్టండి. ఒక్కదానికి రాకపోయినా ఆ రోజు ఇవ్వకండి. ఆలస్యానికి మార్కు పోతే పోనివ్వండి. మర్నాడు క్లాసులయ్యాక నలుగురూ కలిసి రండి, ఆరింటిదాకా ల్యాబ్ తాళం నా దగ్గరే ఉంటుంది. పంపు వేసే ముందు మాత్రం సంపులో నీళ్ళున్నాయో లేదో మూత తీసి చూడండి.